పెద్దచెవి పెట్టె

మూత, 1వ రోజు

పొద్దున్నే ఆకాశం మూసుకుపోయింది. దీన్ని ధూళి తుఫాను అని భూమ్మీది వాళ్ళంటారు. ఎర్రగట్టులో మేం మూత అంటాం. కుండ మీద మూత పడ్డట్టే ఉంటుంది మరి. ఎండ ఉండదు, పలకల్లో కరెంటు పుట్టదు, నలభై మందిమి ఒక్క గుమ్మటం కింద నెల రోజులు ఒకరి ఆవలింతలు ఒకరు పీల్చుకుంటూ కూర్చోవాలి.

డాక్టర్ కెజియా మా ఊరి పెద్ద. మందులూ ఆవిడే ఇస్తుంది, చీవాట్లూ ఆవిడే పెడుతుంది. కరెంటు నిల్వ చూసి, "ఈసారి గోడలు మాట్లాడవు" అని చెప్పేసింది.

అంగారకుడి మీద పుట్టి నలభై తొమ్మిదేళ్ళయింది నాకు. గోడలు నోరు మూయడం ఇదే మొదలు. మందు సీసా ముందు పెడితే ఎన్ని చుక్కలో గోడ చెప్పేది. తలుపు దగ్గర నిలబడితే లోపల ఎవరున్నారో గోడ చెప్పేది. మా ఆవిడ కోపంగా ఉందా లేదా అన్నది ఒక్కటే గోడ చెప్పేది కాదు. అది నేనే వీపు మీద తెలుసుకునేవాణ్ణి. ఇకనుంచి ఏ సంగతైనా పక్కన అంటించిన కాగితం చూసి చదువుకోవాలిట.

నా పని గాలి వడపోత. రోజుకి పన్నెండు గుడ్డలు దులిపి, ఉతికి, తిరిగి బిగించాలి. ఇవాళ పన్నెండూ అయ్యాయి. ఈ పుస్తకం అందుకోసమే ఇచ్చారు. పన్నెండు అని రాయడానికి రోజుకొక పేజీ ఎందుకో నాకు తెలియదు కాబట్టి మిగతా పేజీ నా ఇష్టం.

అసలు కబురు: ఈ మూతకు పెద్దచెవిని నేనే!

మూత పడితే ఎర్రగట్టు ఆడే ఆట గాలిదొంగ. ఆడేవాళ్ళు ఇరవై నలుగురు. అందులో ఇద్దరు దొంగలు. ఎవరు దొంగో పెద్దచెవికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక రోజు దొంగలు ఒకరి గాలి దోచి ఆటలోంచి పంపేస్తారు. మర్నాడు భోజనాలయ్యాక అందరూ సభ కూర్చుని, పోట్లాడుకుని, అనుమానం వచ్చిన ఒకర్ని వెళ్ళగొడతారు. చివరికి దొంగ ఒకరు, మంచివాడు ఒకరు మిగిలితే దొంగదే గెలుపు. గెలిచినవాళ్ళకు మూత తీశాక తొట్టి నిండా వేడినీళ్ళతో తొలి స్నానం. నెల రోజులు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకున్నవాడికి అంతకన్నా స్వర్గం ఏముంటుంది?

పెద్దచెవి బయటికెళ్ళే సూట్లు దాచే అరలో కూర్చుంటాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి చెవిలో చెప్పుకుంటారు. అక్కడ కీ ఇస్తే తిరిగే పెట్టె ఒకటుంది. చెప్పిన ప్రతి మాటా అందులో పడుతుంది. ఆట అయిపోయాక సభలో ఆ పెట్టెను మొదటినుంచి చివరిదాకా వినిపించాలి. దీన్ని పెట్టె విప్పడం అంటాం. విప్పకపోతే గెలుపు చెల్లదు. నాలుగు మూతల కిందట ఒక పెద్దచెవి తన బావమరిదికి దొంగల పేర్లు చెప్పేశాడు. అప్పట్నుంచీ ఈ కట్టుబాటు. పెట్టింది సరుకుల గది చూసే శేషావతారం గారు. రెండు చేతులూ ఎత్తి ఓటేసింది నేను. పోయిన మూతలో పెట్టె విప్పితే నా గురక గురించి మా ఆవిడ చెప్పిన మాటలు నలభై మంది విన్నారు. ఆ కసి తీర్చుకునే రోజు వచ్చింది.

గోడలు లేవుగా, ఆటగాళ్ళకు కబుర్లు ఎలా పంపాలని కెజియా అడిగింది. "సీటీలు రాస్తానమ్మా" అన్నాను. వడపోత గుడ్డల మీద చుట్టొచ్చే కాగితం బోలెడుంది. నేను చదివింది ఏడో తరగతి దాకానే, అదీ ఎనిమిదోది నన్ను రానివ్వకపోవడం వల్ల. అయినా చేతిరాత నాది బాగుంటుంది. "చీటీలకు ఎవరికైనా అభ్యంతరమా?" అని కెజియా అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూత, 2వ రోజు

గుడ్డలు పన్నెండు.

పొద్దున ఇరవై నాలుగు చీటీలు పంచాను. ఇరవై రెండింటి మీద "నువ్వు మంచివాళ్ళలో ఉన్నావు", రెండింటి మీద "నువ్వు దొంగవి". తర్వాత అరలో కూర్చుని పెట్టెకు కీ ఇచ్చాను.

మూడో మనిషి నూకరత్నం. మా నీళ్ళగదికి ఆవిడే పెద్ద. యాభై ఆరేళ్ళు. నాకు వరసకు అప్ప, అంటే అక్క. చిన్నప్పుడు నేను ఆవిడ చెప్పుల్లో జిగురు పోసినందుకు నా జుట్టు మొత్తం కత్తిరించేసిన మనిషి.

"తలుపేసినావేట్రా కూర్మం?"

"ఏసినానప్పా."

"ఈ సీటీలో ఏటున్నాది?"

"రాసినోణ్ణి నన్నే అడుగుతావేటి? సదూకో."

"సదవడమే వస్తే నీ మొకం సూడ్డానికి నానెందుకొత్తాన్రా ఇక్కడికి?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

"మరి నీళ్ళగదిలో మీటలన్నిటికీ పేర్లుంటాయి గదప్పా?"

"పేర్లెవుడికి గావాల? పంపు సప్పుడు ఇంటాను. గొట్టం మీద సెయ్యేస్తాను, వేడో సల్లనో తెలుస్తాది. మిగిలిందేటన్నా ఉంటే గోడ సెప్పీది. ఇప్పుడు గోడ మూగదైపోనాది. ఇనుకో. మూత తీసినాక రెండో గుమ్మటం కడతన్నారా, దాని నీళ్ళు కూడా నాకే అప్పగిత్తారంటన్నారు. సదువు రాని ముసిల్దానికి ఎవుడిత్తాడు? ఎవులికన్నా తెలిసినాదంటే నీ గొంతులో గొట్టం దోపుతాను. ఇప్పుడు సెప్పు, ఏటున్నాది సీటీలో?"

"నువ్వు దొంగవప్పా."

అప్పుడు నవ్వింది, నోటినిండా. "అదీ మాట!"

ఆవిడ వెళ్ళాక చూస్తే పెట్టె తిరుగుతూనే ఉంది. ఆవిడ మాటలన్నీ అందులో పడ్డాయి. ఆవిడకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

మూత, 3వ రోజు

గుడ్డలు పన్నెండు. అందులో ఒకటి చినిగింది, కుట్టాను.

ఇవాళ సరదాకి ఒక పని చేశాను. ఇరవై నలుగురికీ ఒకే చీటీ: "డాక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టగానే నీ ముక్కు గోక్కో. లేకపోతే ఆట నుంచి అవుట్." అందరూ ఒక్కసారి ముక్కులు గోక్కుంటుంటే కెజియా మొహం చూడాలని నా కోరిక.

ఆవిడ గ్లాసు పెట్టింది. పదముగ్గురు గోక్కున్నారు.

మిగతా పదకొండు మంది దిక్కులు చూశారు. ఆ పదముగ్గుర్నీ చూశారు. తర్వాత ఒక్కొక్కరే, ఏదో అప్పుడే దురద పుట్టినట్టు, నెమ్మదిగా ముక్కు మీదికి చెయ్యి తీసుకెళ్ళారు. ఒకాయన పొరపాటున చెవి గోక్కున్నాడు.

కెజియా "ముక్కు దురదా? అందరికీనా? వరసలో నిలబడండి" అని దీపం పట్టుకుని ఇరవై నాలుగు ముక్కులూ పరీక్ష చేసింది. నేను కడుపు పట్టుకుని నవ్వాల్సిన సమయం అది. కానీ లెక్కే నన్ను పట్టుకుంది. పదకొండు.

గోడ చదివి పెడుతుంటే అక్షరాలతో ఎవడికి పని? మా ఊళ్ళో అందరికీ చదువు వచ్చనే అనుకున్నాను నేను. గోడకు వచ్చు. మాకు కాదు.

నూకరత్నం అరలోకి వచ్చి నా చెవి పట్టుకుంది. "బుద్ధి ఉన్నాదేట్రా? ముక్కు సంగతి నాకెలా తెలుస్తాది? పక్కోడు గోక్కున్నాడని గోక్కున్నాను. అవతల డాక్టరమ్మ నా ముక్కులో దీపం పెట్టి 'ఎంతకాలంగా ఉంది దురద' అని అడుగుతాది!"

మూత, 9వ రోజు

గుడ్డలు పన్నెండు.

అరలోకి రోజుకొకరు వచ్చి అదే మాట చెబుతున్నారు. అందరూ "నాకొక్కడికే" అనో, "నాకొక్కదానికే" అనో మొదలుపెడతారు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. నూకరత్నం పేరూ రాయకూడదు, రాసేశాను. ఈ పుస్తకం అప్ప చదవలేదు, చదవగలిగినవాళ్ళకు పన్నెండు గుడ్డల లెక్క మీద ఆసక్తి ఉండదు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

ఇవాళ వచ్చింది మా వరహాలు. నా పెళ్ళాం.

వారం రోజులుగా ఇంట్లో దొంగ ఎవరో చెప్పమని నన్ను పీక్కు తింటోంది. అరలోనూ అదే అడుగుతుందనుకున్నాను. ఆవిడ జాకెట్లోంచి మడతలు విప్పని చీటీలు ఎనిమిది తీసి నా ఒళ్ళో పడేసింది.

"మావా, ఇయ్యన్నీ ఓపాలి సదివి పెట్టు."

"నీకు సదవడం రాదా?"

"అరుస్తావేటి?"

"పెళ్ళికి ముందు నీకు ఏడు ఉత్తరాలు రాసినాను గదే! గోడకు సెబితే ఊరంతా తెలుస్తాదని కాయితం మీద, నా సొంత సేత్తో!"

"మా సెల్లి సదివి పెట్టీది."

"అన్నీ సదివీదా?"

"బాగున్నయ్యి ఉన్నట్టుగా సదివీది. బాగోనివి అదే బాగు సేసి సదివీది. ఇరవై ఆరేళ్ళ నుంచీ అడుగుదామనుకుంటన్నాను మావా, ఆ సెందమామల ముక్క నువ్వే రాసినావా?"

ఏ చందమామలు? నేను రాసింది వడపోత గుడ్డల గురించి. అప్పుడే కొత్త రకం వచ్చింది, అవి ఎంత మెత్తగా ఉంటాయో రెండు పేజీలు రాశాను.

"నానే రాసినాను" అన్నాను. పెట్టె గిర్రున తిరుగుతోంది.

మూత, 14వ రోజు

గుడ్డలు పన్నెండు. వంటగది గుడ్డ మాత్రం రెండుసార్లు ఉతకాల్సి వచ్చింది.

ఈ ఆటలో నూకరత్నం లాంటి దొంగను నేను చూడలేదు. పదో రోజు సభలో తన జతదొంగనే వేలెత్తి చూపించి వెళ్ళగొట్టించింది. "ఆడి సూపులు నాకు నచ్చలేదు" అన్నదొక్కటే కారణం. తీరా చూస్తే నిజంగానే దొంగ! ఊరంతా ఆవిడ కాళ్ళు మొక్కినంత పని చేసింది. ఇప్పుడు ఆవిడ ఎవరి వైపు వేలు చూపిస్తే వాళ్ళు పోతున్నారు. పోయేవాళ్ళంతా మంచివాళ్ళే.

రోజూ అరలోకి వచ్చి చీటీ చదివించుకుంటుంది. ఎవరి గాలి దోచాలో చెబుతుంది. తర్వాత ఒక్కొక్కరి గురించీ నాలుగు మాటలంటుంది. శేషావతారం గారి గురించి అన్నది ఇక్కడ రాయలేను, పుస్తకం మీద ప్రభుత్వం ముద్ర ఉంది.

"అప్పా, పెట్టె ఇంటన్నాది" అని చివరికి చెప్పేశాను.

మనిషి కొయ్యబారిపోయింది. "మొదటి రోజుది కూడా ఉన్నాదేటి?"

"ఉన్నాది."

చీటీ మడిచి చెవి వెనక దోపుకుని వెళ్ళిపోయింది. ఎవరి గాలి దోచాలో చెప్పడం మాత్రం మర్చిపోలేదు. తలుపు దగ్గర నిలబడి, వేలితో వంటమనిషి వైపు చూపించింది.

మూత, 19వ రోజు

గుడ్డలు పన్నెండు.

శేషావతారం గారు వడపోత గదికి వచ్చారు. ఈయన ముప్ఫై ఏళ్ళుగా సరుకుల గది చూస్తున్నారు. మనిషి ఎంత నిటారంటే, వంగితే ఎక్కడ విరుగుతారోనని నాకు భయం.

"కూర్మారావు గారూ, నేను గమనిస్తున్నాను. అరలో మిగతావాళ్ళు మూడు నిమిషాలుంటున్నారు. నూకరత్నం గారు పదేసి నిమిషాలుంటున్నారు."

"ఆవిడకి కబుర్లెక్కువ బాబూ."

"మీరు రెండుసార్లు చీటీ పట్టుకుని నీళ్ళగదికే వెళ్ళారు."

"నీళ్ళు తాగడానికెళ్ళినాను."

"చీటీతోనా?" అన్నారాయన. "ఆవిడను నేను దొంగ అనడం లేదు. నిజానికి ఈ ఊళ్ళో నేను నమ్మేది ఆవిడ ఒక్కరినే. మిమ్మల్నే నమ్మను. ఏదైనా ఉంటే పెట్టెలో తెలుస్తుంది. పెట్టె పూర్తిగా విప్పుతారుగా?"

"కట్టుబాటు గదా బాబూ."

"అవును. మీరు రెండు చేతులూ ఎత్తారు."

మూత, 24వ రోజు

గుడ్డలు ఎన్నో చూడలేదు.

ఆట అయిపోయింది. చివరికి ముగ్గురు మిగిలారు: నూకరత్నం, శేషావతారం గారు, వెల్డింగు పని చేసే పోతురాజు. అందులో ఒకర్ని వెళ్ళగొట్టాలి. పోతురాజు ఇష్టదైవాలందరి మీదా ఒట్టేసి నేను కాదన్నాడు. శేషావతారం గారు లేచి, కళ్ళజోడు సవరించుకుని, "అమాయకులు ఇన్ని ఒట్లు వేయరు" అని పోతురాజు మీద వేలెత్తారు. నూకరత్నం నిట్టూర్చి, "పెద్దాయన సెప్పినాక మరేటంటాం" అని తానూ ఎత్తింది.

పోతురాజు చీటీ విప్పి చూపించాడు: మంచివాడు.

మిగిలింది ఇద్దరు. నూకరత్నం శేషావతారం గారి భుజం తట్టి, "బాబూ, మీ గాలి నా దగ్గరే ఉన్నాది" అంది.

ఊరంతా గగ్గోలు. మా వరహాలు బల్ల ఎక్కి ఈల వేసింది. శేషావతారం గారు కూర్చున్న చోటునుంచి లేవలేదు. గోల తగ్గాక నెమ్మదిగా అన్నారు:

"ఇరవై రెండు రోజులు ఒక్క తప్పు లేకుండా ఎవరూ ఆడలేరు. పెద్దచెవి సాయం లేకుండా ఆడలేరు. పెట్టె విప్పండి."

కెజియా ఎల్లుండికి సభ పెట్టింది.

మూత, 25వ రోజు

నిన్నటివీ ఇవాళ్టివీ కలిపి ఇరవై నాలుగు.

పదకొండు మందీ అరలోకి వచ్చి చెప్పుకున్నవాళ్ళే. ఇవాళ వాళ్ళందరి దగ్గరికీ ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళాను. "రేపు పెట్టె విప్పితే నీ మాట బయటికొస్తాది, నీకు సమ్మతమేనా?" అని అడిగాను. పది మంది వద్దన్నారు. ఒకాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒకావిడ తన పిల్లలకు తెలిస్తే ఎలాగంది. మా వరహాలు, "ఊరందరికీ వచ్చినది నాకొక్కదానికే రాదని ఊరంతా ఇనాలేటి?" అంది. ఊరందరికీ రాదే, అని నోటిదాకా వచ్చింది. మింగాను. ఒకరి మాట ఇంకొకరికి చెబితే నేను పెద్దచెవిని ఎలా అవుతాను, పెద్దనోరుని అవుతాను గానీ.

ఇన్నేళ్ళుగా నేను జనం మొహాన నీళ్ళు కొట్టాను, పడకల్లో పిండి పోశాను, ఒకసారి కెజియా గుండె చూసే చెవిగొట్టంలో ఈగ పెట్టాను. ఎవరూ ఏడవలేదు. చీటీలు రాస్తానని పళ్ళికిలించిన ఈ ఒక్క పనికి పదకొండు మంది నిద్ర పోవడం లేదు.

పదకొండో మనిషి దగ్గరికి, నీళ్ళగదికి, చివర్న వెళ్ళాను. నూకరత్నం గొట్టం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ఉంది.

"పెట్టె కింద పడేస్తానప్పా. జారిందంటాను. నానెలాగూ ఎదవననే అనుకుంటారు."

"పడేస్తే గెలుపు పోద్ది."

"పోనీ ఆట వొదిలేసుకో. ఓడిపోనానని సెప్పీ. గెలుపు లేకపోతే పెట్టె ఇప్పక్కర్లేదు. రెండో గుమ్మటం నీళ్ళు నీకే వస్తాయి."

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఒరే, నానింతవరకూ దేన్లో గెలిసినాన్రా? బడి లేదు, పందెం లేదు. పుట్టి బుద్దెరిగినాక మొదటిసారి ఇరవై మూడు మందిని బోల్తా కొట్టినాను. అది వొదిలీమంటావా?"

"మరి ఇప్పుతానప్పా."

"ఇప్పితే సదువు రాదని తెలిసిపోద్ది."

"మరేటి సెయ్యను?"

"నాకేటి తెలుసు? పెద్దచెవివి నువ్వు" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. పంపు చప్పుడు కొద్దిగా మారింది. చూడకుండానే ఒక మీట తిప్పింది. చప్పుడు సర్దుకుంది.

మూత, 26వ రోజు

సభ మధ్యాహ్నం భోజనాల తర్వాత జరిగింది. పెట్టెను బల్ల మీద పెట్టి, కీ నా జేబులో వేసుకున్నాను.

"తిప్పండి" అన్నారు శేషావతారం గారు.

"తిప్పను బాబూ. ఇందులో ఆట మాటలున్నాయి, మనుషుల మాటలున్నాయి. ఆట మాటలు మీయి. మనుషుల మాటలు ఆళ్ళ సొంతం. గోడలన్నీ ఇనే ఊళ్ళో ఆ అర ఒక్కటే కదా తలుపున్న సోటు. ఆట వంకన వచ్చి సెప్పుకున్నారు."

"ఏది ఆట మాటో, ఏది మనిషి మాటో తేల్చేది మీరా?" ఆయన గొంతు పెంచలేదు. "రేపు మీరు మీ బావమరిదికి ఏదో చెప్పి, అది కూడా మనిషి మాటే అంటే? గాలి ఒకరిది ఒకరు పీల్చి బతికే ఊరు ఇది. ఒకర్నొకరు నమ్మకపోతే చచ్చిపోతాం. అందుకే ఆ కట్టుబాటు పెట్టాను. సరదాకి కాదు."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు, అదే నా తిప్పలు.

"నాకు బావమరిది లేడు బాబూ, మరదలే. ఆవిడ గొప్ప రచయిత్రి" అన్నాను. వరహాలు ఒక్కతే నవ్వింది. "తేల్చేది నాను కాదు. ఎవుల మాట ఆళ్ళే తేల్సుకోవాల. ఇప్పమంటే ఇప్పుతాను, వద్దంటే సెరిపేస్తాను."

"గెలిచినవాళ్ళది మాత్రం విప్పి తీరాలి. లేకపోతే గెలుపుకి అర్థం లేదు."

జనం అవునన్నారు. కెజియా కూడా తల ఊపింది. నలభై తలకాయలు నూకరత్నం వైపు తిరిగాయి. ఆవిడ తన చేతుల వంక చూసుకుంటోంది. ఆ క్షణంలో లేచి ఓడిపోయానని చెప్పేస్తుందనుకున్నాను.

అప్పుడు నా బుర్రలో ఒకటి వెలిగింది. ఏడో తరగతి బుర్ర, నెమ్మదిగా వెలుగుతుంది.

"పెద్దచెవిగా ఒక లెక్క మట్టుకు సెబుతాను. పేర్లు సెప్పను. మాటేటో సెప్పను. ఈ పెట్టెలో ఒకే మాట పదకొండు మంది సెప్పినారు. ఎవులికాళ్ళు నాకొక్కడికే అనుకుని సెప్పినారు."

పదముగ్గురికి ఏమీ అర్థం కాలేదు. పదకొండు మంది మాత్రం ముందు నన్ను చూశారు, తర్వాత దొంగచూపులతో ఒకర్నొకరు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

నూకరత్నం తల ఎత్తింది. "పదకొండా?"

"పదకొండప్పా."

"ఓలమ్మ!" అంది. ఆవిడ భుజాలు ఊగడం మొదలెట్టాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, "నాది ఇప్పురా కూర్మం. మొదటి రోజు నుంచీ తిప్పు" అంది.

కీ ఇచ్చాను. పెట్టెలోంచి ఆవిడ గొంతు వచ్చింది: సదవడమే వస్తే నీ మొకం సూడ్డానికి నానెందుకొత్తాన్రా ఇక్కడికి?

పెట్టె తిరుగుతూ పోయింది. మూడో రోజు ముక్కు తిట్లకు ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎనిమిదో రోజు కెజియా ఇంజక్షను గురించి ఆవిడ అన్న మాటకు కెజియాయే పడీపడీ నవ్వింది. పద్నాలుగో రోజు శేషావతారం గారి వంతు వచ్చింది: "ఆ మనిషి నడుస్తంటే పెనం నిలబెట్టినట్టుంటాది. ఆణ్ణి ఆకరిదాకా ఉంచాల్రా. నిజాయితీ మనిషి. నిజాయితీగా అందర్నీ ఎల్లగొట్టి నన్ను గెలిపిస్తాడు."

జనం నేల మీద దొర్లారు. ఆయన ఒక్కరే కదలకుండా చివరిదాకా విన్నారు. పెట్టె ఆగాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కూర్మారావు గారు మీకు చీటీలు చదివి పెట్టారు. అంతే. ఒక్క పేరు కూడా చెప్పలేదు."

"ఆడు సెప్పడు బాబూ. ఆడి దగ్గర అదొక్కటే మంచి గుణం."

"మరి ఎవర్ని ఎప్పుడు పంపాలో ఎలా కనిపెట్టారు? ఎవరు ఎవర్ని అనుమానిస్తున్నారో ప్రతి రోజూ మీకు ముందే తెలుసు. నేను చీటీలన్నీ మూడేసిసార్లు చదివాను. నాకు తెలియలేదు."

"మీరంతా సీటీలు సూసుకుంటన్నారు గదా" అంది నూకరత్నం. "సీటీ సూసి నాకేటి లాభం? నాను ఖాళీగా ఉండి మీ మొకాలు సూసినాను."

ఎవరో వెనకనుంచి, "మరి రెండో గుమ్మటం నీళ్ళు? మీటల మీద పేర్లుంటాయి కదా" అన్నారు. దేనికి భయపడి ఆవిడ చదువు రాదన్న సంగతి దాచిందో, ఆ ప్రశ్నే.

కెజియా లేచింది. "గోడలు మూగబోయి ఇవాళ్టికి ఇరవై ఆరో రోజు. ఈ ఇరవై ఆరు రోజుల్లో ఎవరికైనా ఒక్క పూట నీళ్ళు తగ్గాయా? ఒక్క గొట్టమైనా గడ్డకట్టిందా?" అని అందర్నీ చూసింది. "గోడ లేకుండా నడపగలిగిన మనిషి నాకు ఒక్కరు కనబడ్డారు. రెండో గుమ్మటం నీళ్ళు నూకరత్నానివే. పోనీ మీటలకు రంగులేయిద్దాం."

అప్పుడు మా వరహాలు లేచి, "నాదీ ఇప్పెయ్యండి" అంది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. నూకరత్నంతో కలిపి ఆరుగురు. నా ఏడు ఉత్తరాల సంగతి విని ఊరు ఇంకోసారి దొర్లింది. కసి నామీదే తీరింది. ఈ పుస్తకంలో తమ పేర్లు ఉంచడానికి నూకరత్నం, వరహాలు ఇద్దరూ ఒప్పుకున్నారు, వరహాలు మాత్రం చందమామలు నేను రాయలేదని కూడా రాయమంది. రాశాను.

ఐదుగురు లేవలేదు. ఎవరూ అటు చూడకముందే ఆ ఐదుగురి మాటలూ, అందరి ముందే, చెరిపేశాను. శేషావతారం గారు అడ్డు చెప్పలేదు. కట్టుబాటు పుస్తకం తెచ్చి పాత వాక్యం కొట్టేసి, "గెలిచినవారిది తప్పక, తక్కినది ఎవరిది వారు విప్పమంటేనే" అని రాశారు. రాసి, అలవాటు లేని పనిగా, పైకి చదివి వినిపించారు.

మూత, 27వ రోజు

గుడ్డలు పన్నెండు. బయట కొంచెం ఎర్రగా వెలుతురు కనబడుతోందట. ఇంకో మూడు రోజుల్లో మూత తీస్తుందని కెజియా అంటోంది.

నీళ్ళగదిలో వడపోత గుడ్డ మార్చడానికి వెళ్ళాను. శేషావతారం గారు స్టూలు మీద నిటారుగా కూర్చున్నారు, ఒళ్ళో పలక. నూకరత్నం ఎదురుగా బలపం ముక్క పట్టుకుని ఉంది. తలుపు దగ్గర మరో ముగ్గురు ఏదో పనున్నట్టు నిలబడ్డారు. వాళ్ళు ఆ ఆరుగురిలో వాళ్ళా, ఐదుగురిలో వాళ్ళా అన్నది నేను చెప్పను.

"ముందు మీ పేరు రాయడం నేర్చుకుందాం నూకరత్నం గారూ" అంటున్నారాయన.

"నా పేరెందుకు బాబూ? నాను ఎవుల్నో నాకు తెలుసు. మీ పేరు నేర్పండి."

"నా పేరు దేనికి?"

"వచ్చే మూతలో కూడా నానే దొంగనైనాననుకోండి. ఎవుల గాలి దోచాలో ఈ ఎదవకి నోటితో ఎందుకు సెప్పాల? సీటీ మీద నానే రాసి ఇత్తాను."

శేషావతారం గారు కళ్ళజోడు మీదుగా ఆవిడ వంక చూశారు. తర్వాత పలక మీద పెద్ద అక్షరాలతో, వంకర లేకుండా, తన పేరు రాసి ఆవిడ ముందు పెట్టారు.